మూడు ముళ్ల దారం

పాస్టరయ్య చొక్కాకు ఇరవై కాజాలెందుకో యేసేపుకు ఎంత ఆలోచించినా అంతుపట్టలేదు. ముందు పట్టీకి ఆరు, కాలరుకు ఒకటి, చేతులకు రెండు. ఎటు తిప్పి లెక్కేసినా తొమ్మిది దాటడం లేదు. కానీ సువార్తమ్మ రోడ్డు అవతల నిలబడి, చెయ్యి ఊపుతూ మరీ అరిచిపోయింది, "ఇరవై కాజాలు! పాస్టరమ్మ సెప్పమనింది! మాపటికి కావాల!" అని. ఆమె గొంతుకు అడ్డంగా ఆదోని బస్సొకటి హారను కొట్టుకుంటూ పోయింది. నలభై ఏళ్లుగా కుట్టుమిషను చప్పుడులో నానిన చెవులు అందినంత మాట అందుకున్నాయి. పెద్దవాళ్ల ఫ్యాషను పెద్దవాళ్లకే తెలియాలనుకుని, అతను పట్టీ మీద సుద్దతో దగ్గర దగ్గరగా గీతలు గీసి, రెండింటికి బ్లేడు కూడా పెట్టేశాడు.

"ఏం భాయ్, పాస్టరు సాబుకు చొక్కా కుడతాండావా, జల్లెడ కుడతాండావా?" గఫూర్ సాబ్ లోపలి నుంచి తొంగిచూశాడు. యేసేపు కూర్చునే అరుగు ఆయనదే. అరుగు వెనక బట్టల అంగడీ ఆయనదే.

"నన్నేం సేయమంటావు సాబూ? ఆయమ్మ ఇరవై కాజాలు అనె."

"అరె, ఆయమ్మ అరిసింది నీకు కాదప్పా, పక్కన ఈరేష్‌కు. తినే కాజాలు! సండే స్కూలు పిల్లోళ్లకంట."

పక్కన మిఠాయి బండి దగ్గర ఈరేష్ పాకంలోంచి గరిటె పైకెత్తి, అవునన్నట్టు ఊపాడు. యేసేపు గుండీ పెట్టని కాజాలాగా నోరు తెరుచుకుని ఉండిపోయాడు.

తెల్ల చొక్కా మీద కోసిన రెండు కన్నాలను కనబడకుండా పూడ్చేసరికి ముప్పావుగంట పోయింది. అది డిసెంబరు ఇరవై నాలుగో తేదీ. ఆ రోజున టైలరు దగ్గర ముప్పావుగంట అంటే మామూలు రోజుల్లో మూడు రోజులు.

యేసేపుకు అరవై రెండేళ్లు. మనిషి సన్నం. మెడ మిషను మీదికి వంగి వంగి అలాగే నిలిచిపోయింది. రోడ్డు మీద నడుస్తున్నా కింద పడిన గుండీ వెతుకుతున్నట్టే ఉంటాడు. ఎడమచేతి బొటనవేలి గోరు మీద సూది మొన తగిలి తగిలి చిన్న గాడి పడింది. కళ్లద్దాల కాడ ఒకటి విరిగింది. దానికి దారం కట్టాడు. ఊళ్లో అందరికీ ఆధారం దేవుడైతే, అతని అద్దాలకు దారమే ఆధారం. కనుబొమల్లో సుద్ద, చొక్కా కాలరులో దారం ఎక్కించిన సూది ఎప్పుడూ ఉంటాయి. కొత్తవి కుట్టే రోజులు పోయి, కొన్నవి కుదించే రోజులు వచ్చాయని అతని బాధ. జనం ఆదోని పోయి రెడీమేడు కొనుక్కుని, పొడుగైతే యేసేపు దగ్గరికి, పొట్టైతే యేసేపు మీదికి వస్తారు.

పాస్టరయ్య చొక్కా పక్కన పెట్టి, మిషను కింది సంచీలోంచి గులాబీ రంగు సాటిను గుడ్డ తీశాడు. మనవరాలు కెజియాకు గౌను. పైభాగం నిన్ననే కుట్టాడు. కింద కుచ్చుల ఘేరా, చేతులు, జిప్పు, మీద వలగుడ్డ మిగిలి ఉన్నాయి. మనవడు ఆమోసు చొక్కా, నిక్కరు అయిపోయి కాగితంలో చుట్టి ఉన్నాయి.

వాళ్లింట్లో క్రిస్మస్ కానుక అంటే ఇంట్లో కుట్టిన బట్టలే. దానికొక పద్ధతి ఉంది. తెల్లవారుజామున పాటల గుంపు డప్పు చప్పుడు వీధి దాటిపోయాక, పిల్లలు లేవకముందే, తలగడ పక్కన పొట్లం పెట్టాలి. లేచాక అది దేవదూత పెట్టిపోయిందని చెప్పాలి. గుడ్డ మీద మిగిలిన సుద్దగీతలను ఉతకకూడదు. అవి దేవదూత వేలిగుర్తులు. ఇక కొలత కూడా పిల్లలకు తెలియకుండానే తీయాలి. టేపు చల్లగా తగిలితే పిల్లలు లేస్తారని యేసేపు భార్య రాహేలు దారంతో కొలిచేది. నిద్రపోతున్న బిడ్డ పక్కన దారం పరిచి భుజానికొక ముడి, ఛాతీకొక ముడి, పొడవుకొక ముడి. కూతురు జ్యోతిని అలాగే కొలిచారు. జ్యోతికి పిల్లలు పుట్టాక వాళ్లనూ అలాగే కొలిచారు. రాహేలు పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత ఏటా డిసెంబరు మొదట్లో యేసేపే ఆదోని పక్కన కూతురి ఊరికి పోయి కొలుచుకుని వచ్చేవాడు. ఈసారి మోకాలు బస్సెక్కనివ్వలేదు. మెడలో మూడు ముళ్లు వేయించుకున్న కూతురే, దారానికి మూడేసి ముళ్లు వేసి, అగ్గిపెట్టెలో పెట్టి కండక్టరు చేతికిచ్చి పంపింది.

"ఆరేండ్ల పాపకు ఇంత గుడ్డ యాల భాయ్?" మొన్న సాటిను కోస్తూ గఫూర్ సాబ్ అడిగాడు.

"పెరిగింది సాబూ! ఉగాది కాడినుంచి నేను సూడల్యా. మూడో ముడి సూడు, యాడికి పోయిందో! వాళ్లవ్వ పొడుగు వచ్చింది దానికి." యేసేపు దారాన్ని అరుగు పొడవునా చాచి చూపించాడు. ఈరేష్‌కూ చూపించాడు. టీ తాగడానికి ఆగిన పోస్టుమ్యానుకూ చూపించాడు.

ఘేరాకు కుచ్చు పోస్తుండగా ఫోను మోగింది.

"నాయనా, నేను."

"సెప్పు తల్లీ. సాయంత్రం యే బస్సుకు వస్తాండారు?"

"బస్సు ల్యాదు నాయనా. బండే. మేస్త్రి ఈ పొద్దే బయల్దేరాల అంటాండాడు. ఆడ కాయ రాలిపోతాందంట. నాలుగ్గంటలకు మీ ఊరి మింద పోతాం. బస్టాండు కాడ పది నిమిషాలు ఆపుతానన్నాడు."

సుగ్గికి పోవడం ఆ చుట్టుపక్కల కొత్తేమీ కాదు. పత్తి అయిపోగానే ఇళ్లకు తాళాలు వేసి, పిల్లలతో సహా గుంటూరు వైపు మిరపకోతకు పోతారు, ఉగాదికి తిరిగొస్తారు. జ్యోతి వాళ్లు క్రిస్మస్ యేసేపు ఇంట్లో చేసుకుని ఇరవై ఆరున బండెక్కాలని అనుకున్నారు. కోడి చెప్పి పెట్టాడు. రెండు కొత్త చాపలు కొన్నాడు.

"ఒక్క రోజు ఆగలేరా? పండగ పోయినాంక కోయకూడదా ఆ కాయలు?"

"మిరపకాయలకు క్రిస్మస్ తెలీదు నాయనా." కూతురు నవ్వబోయి మానేసింది. "కెజియా ఒకటే అడుగుతాంది, దేవదూత ఆడికి గూడా వస్తాదా అని."

"వస్తాదని సెప్పు. పొట్లం నీ చేతికిస్తా. గుడిసైతే ఏం, తలగడ ఉంటాది గదా. పొద్దున నాలుక్కు పెట్టు. దేవదూతకు కొలత తెలుసు గదా, దారి తెలవదా?"

"ఆ," అంది జ్యోతి. ఆ 'ఆ' ఎందుకో కాస్త పొట్టిగా తెగింది. ఫోను పెట్టేసింది.

యేసేపు గోడ గడియారం చూశాడు. పది దాటింది. ఘేరా, చేతులు, జిప్పు, వల. నాలుగుకు బండి. ఎవరూ రాకుంటే అయిపోతుంది.

ఎవరూ రాకుండా ఉండటానికి ఆ అరుగేమైనా ఆకాశంలో ఉందా? నాగవేణి వచ్చింది, సంచీలోంచి మెరుపుల గౌనొకటి లాగుతూ.

"మామా, దీనికి చేతులు కుట్టియ్యి."

"చేతులు ల్యాకుండా యాల కొన్నావు?"

"ఫోన్లో తెప్పించినా. బొమ్మలో చేతులుండె."

"ఆ చేతులు బొమ్మలో పాపవేమోలే. నాగవేణీ, ఈ పొద్దు నా కాడ కాదు తల్లీ. మా మనవరాలి గౌను..."

"రేపు పండగ పెట్టుకుని ఎల్లుండి ఇస్తావా? మా పాప ఏడుస్తాంది మామా. నీ మనవరాలు నీ ఇంట్లోదే గదా, నువ్వెప్పుడైనా కుట్టుకుంటావు."

ఆ మాట వింటూనే యేసేపు చెయ్యి చాచి గౌను అందుకున్నాడు. అదే అతని జబ్బు. ఊరివాళ్లకు ముందు, ఇంటివాళ్లకు వెనక. జ్యోతి పెళ్లినాడు ఊళ్లోవాళ్ల రవికలు పదకొండు కుట్టి ఇచ్చి, పెళ్లికూతురి రవికకు హుక్కులు మాత్రం పాస్టరయ్య ప్రార్థన మొదలుపెట్టాక, పందిరి వెనక నిలబెట్టి వేశాడు. ఆ రోజు ఆమెన్ అని అందరికన్నా గట్టిగా అన్నది యేసేపే. చివరి హుక్కు అప్పుడే పడింది మరి.

నాగవేణి తర్వాత జిప్పు ఊడిన ప్యాంటు వచ్చింది. ప్యాంటు తర్వాత, కొలత ఇవ్వకుండానే బట్ట ఇచ్చిపోయిన ఒకాయన, తన చొక్కా ఇంకా కుట్టలేదని తిట్టిపోవడానికి వచ్చాడు. పదకొండున్నరకు కరెంటు పోయింది. మోటారు ఆగింది. యేసేపు బెల్టు మార్చి, తొక్కుడు మొదలుపెట్టాడు. ప్రతి తొక్కుకూ కుడి మోకాలు ఒక బూతు మాట అన్నట్టు టక్కుమంది. గఫూర్ సాబ్ బొరుగుల ఉగ్గాని పొట్లం తెచ్చి పక్కన పెట్టాడు. అది చల్లారింది, మిరపకాయ బజ్జీ మెత్తబడింది. ఆ బజ్జీని చూసినా యేసేపుకు ఒళ్లు మండింది.

"అన్నా, ఒగ కాజా తిను. పొద్దున్నించి కాజాలమీదనే ఉంది నీ మనసు," అన్నాడు ఈరేష్.

"నోరు కుట్టేస్తా ఈరేషూ. సూదుంది చేతిలో."

రెండున్నరకు నాగవేణి గౌనుకు రెండు చేతులూ పడ్డాయి. కెజియా గౌనుకు ఒక చెయ్యే పడింది. మూడుకు బాబిను దారం అయిపోయింది. మూడుంపావుకు జిప్పు తలకిందులుగా పడి, విప్పి మళ్లీ వేయాల్సివచ్చింది. తన పని తాను చేసుకుంటుంటేనే ఇన్ని అడ్డంకులు ఎందుకొస్తాయో అతనికి ఈ నలభై ఏళ్లలో అర్థం కాలేదు. ఊరివాళ్ల బట్టలకు జిప్పు ఎప్పుడూ తలకిందులు కాదు.

నాలుక్కు పది నిమిషాలుండగా చివరి దారం పళ్లతో కొరికాడు. గౌను ఎత్తి పట్టుకుని చూశాడు. వలగుడ్డ కింద సాటిను తళుక్కుమంది. నడుము దగ్గర సుద్దగీత ఒకటి మిగిలింది. దాన్ని తుడవలేదు.

"ఎక్కు భాయ్, బండి తీస్తా," అన్నాడు గఫూర్ సాబ్, అంగడికి గొలుసేసి స్కూటరు తిప్పుతూ. పొట్లంలో రెండు రిబ్బన్లు కూడా పడేశాడు. "ఇవి గూడా దూత తెచ్చిందను."

బస్టాండు బయట బండి ఆగి ఉంది. వెనక బొంతలు, బిందెలు, బియ్యం సంచులు, కాళ్లు కట్టిన కోళ్లు, వాటి మధ్య మనుషులు. కూలీలను తోలుకుపోయే మేస్త్రి ఉరుకుందప్ప కింద నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. అల్లుడు తిరుపాల్ తాళ్లు బిగిస్తున్నాడు. జ్యోతి దిగి వచ్చింది. వెనకాలే కెజియా దూకి, ముందుపళ్లు రెండు లేని నోటితో నవ్వుతూ వచ్చి తాత నడుమును వాటేసుకుంది.

యేసేపు కళ్లు కొలత తీయడం మానవు. పిల్ల తల అతని మొలతాడు దగ్గరికి వచ్చింది. ఉగాదినాడు కూడా అక్కడికే వచ్చింది. మహా అయితే ఒక వేలు పెరిగింది.

దారం మూడో ముడి చెప్పిన పొడుగు ఎక్కడా లేదు. పొట్లాన్ని వెనక్కి దాచుకోబోయాడు. అప్పటికే బండి మీంచి తిమ్మక్క చెయ్యి చాచి లాగేసింది. ఆమె జ్యోతి వాళ్ల పక్కింటామె. ఎవరి మూటలో ఏముందో చూడందే ఆమెకు ముద్ద దిగదు.

"ఏం తెచ్చినాడు మీ నాయన? సూద్దాం ఉండు!"

"తిమ్మక్కా, పొట్లం ఇప్పొద్దు! అది రేపటికి..." అని యేసేపు అరుస్తుండగానే కాగితం చిరిగింది. ఆమోసు చొక్కా బయటికొచ్చింది. ఆమె వాణ్ని ఒళ్లోకి లాగి తొడిగేసింది. మూడేళ్లవాడి చేతులు చొక్కా చేతుల్లో మోచేయి దగ్గరే ఆగిపోయాయి. అంచు మోకాళ్లు దాటి దిగింది.

"ఓయమ్మో, ఇది సొక్కానా, ఫాదరు అంగీనా? బుడ్డోనికి ఉద్యోగం ఇప్పిచ్చినావా మామా?"

బండంతా నవ్వింది. అంతలో గౌను కూడా బయటపడింది. తిమ్మక్క దాన్ని కెజియా భుజాలకు ఆనించింది. జానెడు గౌను నేలమీద పడింది.

"నలభై యేండ్ల టైలరుకు సొంత మనవరాలి కొలత తెలవదా?" అన్నాడు మేస్త్రి కూడా.

కెజియా నవ్వలేదు. నడుము దగ్గరి సుద్దగీతను వేలితో ముట్టి చూసింది. తాత వేళ్లను చూసింది. వాటికీ సుద్ద ఉంది.

"తాతా, దేవదూతవి నువ్వేనా?"

యేసేపు వేళ్ల సుద్దను చొక్కాకు తుడుచుకున్నాడు. పద్ధతి పోయింది, పండగ పోయింది, కొలత పోయింది. అన్నీ బస్టాండు ముందర, కోళ్ల మధ్య పోయాయి. దారం తాను చూసినప్పుడే తప్పు పట్టుకోవాల్సింది. మనవరాలు పొడుగైందని పోస్టుమ్యానుకు కూడా చెప్పుకున్నాడు. "కొలత... దారం తప్పొచ్చింది," అన్నాడు చివరికి, పక్కనున్న కూతురికి తప్ప ఎవరికీ వినబడనంత మెల్లగా.

"తప్పు నీది కాదు నాయనా." జ్యోతి గట్టిగానే అంది, బండి మీదివాళ్లకు కూడా వినబడేలా. "నవ్వొద్దండి ఎవరూ. తప్పు ముడులు ఏసింది నేను."

తిమ్మక్క నవ్వు ఆపింది.

"పిల్లోళ్లు పండుకున్యాంక సరిగ్గానే కొలిసినా. ఆ తరువాత ఒక్కో ముడీ ఇప్పి, దూరం జరిపి ఏసినా. మేం ఉగాదికి రాం నాయనా. ఈయప్పకు ఆడ కోల్డ్ స్టోరేజీలో ఏడాది పొడుగూతా పని ఇచ్చినారు. పిల్లోళ్లను ఆడనే బళ్లో ఏస్తాం. మళ్లీ క్రిస్మస్‌కు సెలవిస్తారో, ల్యాదో. మూడేండ్లన్నా వాళ్లు నువ్వు కుట్టిందే తొడుక్కోవాల అని అట్ల సేసినా. ముందే సెప్తే నువ్వు పోనియ్యవు."

తిరుపాల్ తాడు బిగించడం ఆపి నేల చూశాడు. గఫూర్ సాబ్ స్కూటరు అద్దం తుడవసాగాడు.

"మూడేండ్లకు ఒగటే గౌనా?" యేసేపుకు ఉన్నట్టుండి గొంతు లేచింది. "నేను సచ్చినానా? ఏటేటా దారం పంపు, కుట్టి పంపిస్తా! బస్సులు ల్యావా, పార్సిళ్లు ల్యావా?"

"పంపిస్తే కుట్టేది ఎప్పుడు నాయనా? ఊరందరివీ అయినాంకనే గదా." జ్యోతి గొంతులో కోపం లేదు. అదే ఎక్కువ గుచ్చుకుంది. "అమ్మ సివరి రవిక ఇంగా గుడ్డముక్కల్లోనే ఉంది పెట్టెలో. కత్తిరిచ్చి పెట్టినావు."

యేసేపు కళ్లద్దాల దారం సరిచేసుకున్నాడు. ఇవాళ నాగవేణి గౌనుకు రెండు చేతులు పడ్డాకనే కెజియా గౌనుకు రెండో చెయ్యి పడిందన్న సంగతి ఎవరికీ చెప్పలేదు.

"టైమైంది, ఎక్కండి!" మేస్త్రి అరిచాడు.

"మేస్త్రీ, ఒగ చాయ్ తాగి పోదువు రా. నా లెక్క," అంటూ గఫూర్ సాబ్ అతని భుజం మీద చెయ్యేసి హోటలు వైపు నడిపించుకుపోయాడు.

యేసేపు కాలరులోంచి సూది తీశాడు. "తిమ్మక్కా, దుప్పటి అడ్డం పట్టు. పాపకు గౌను తొడుగు," అన్నాడు. ఇప్పుడు అతని గొంతు అంగట్లో గొంతులాగే ఉంది. తిమ్మక్క మారుమాట్లాడకుండా దుప్పటి పట్టింది. పాత గౌను విప్పి తాత భుజం మీద వేసి, కెజియా గులాబీ గౌనులో మునిగిపోయి నిలబడింది.

అతను బండి వెనక చెక్క మీద కూర్చుని, మోకాలు చాచి, పిల్లను ముందు నిలబెట్టుకున్నాడు. భుజాలకు చెరొక మడత. నడుము కింద చుట్టూ గుడ్డ మడిచి ఒక టక్కు, దాని కింద ఇంకోటి. టైలర్లందరూ టక్కరులని ఊరు అంటుంది. ఇంత నిజాయితీగా అతను ఏ టక్కూ వేసి ఉండడు. పొడవాటి పోగులు, ఒక్క లాగు లాగితే వచ్చేసేటట్టు.

"సూడు తల్లీ," అన్నాడు జ్యోతితో, తల ఎత్తకుండా. "ఈ కిందిది వచ్చే క్రిస్మస్‌కు ఇప్పు. పైది ఆ మళ్లీ ఏడు. ఇంగోటి ఏస్తాండా, అది ఆ మళ్లీ. పొద్దున నాలుక్కు ఇప్పాల. పాప లేయకముందే."

"నేను నిద్రపోయినట్టే ఉంటాలే తాతా," అంది కెజియా.

చాయ్ తాగి వచ్చిన మేస్త్రి డ్రైవరుకు సైగ చేశాడు. మూడో టక్కు సగం దాకా వచ్చింది. యేసేపు దారానికి ముడేసి, కొరికి, పిల్లను ఎత్తి తల్లికిచ్చాడు. తిరుపాల్ "పోయొస్తాం మామా" అని చెక్క పైకెత్తి గొళ్లెం వేశాడు. జ్యోతి చెయ్యి ఊపలేదు. రెండు చేతులా పిల్లలే ఉన్నారు. బండి కర్నూలు రోడ్డు ఎక్కింది. గులాబీ రంగు కాసేపు కనబడింది. తర్వాత ముందూ వెనకా పత్తిబస్తాల లారీలే కనబడ్డాయి.

"పోదామా భాయ్?" గఫూర్ సాబ్ స్కూటరు తొక్కాడు.

యేసేపు కదలబోయి, భుజం మీద ఏదో ఉందని చెయ్యి పెట్టి చూసుకున్నాడు. పాత గౌను. పోయిన క్రిస్మస్‌కు తనే కుట్టాడు. తిరగబడి ఉంది, చంకల దగ్గర చెమట ఇంకా ఆరలేదు. అలవాటుగా అంచు తిప్పి చూశాడు. పాప పెరిగితే విప్పుకుంటారని లోపల పెట్టిన మడత, రెండు వేళ్ల వెడల్పు, విప్పే పని ఇంకా పడక, ఒక్క పోగు కూడా తెగకుండా అలాగే ఉంది.